సైకిల్‌కు పని చెప్పండి



బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన ఉద్యోగి ఇంట్లో సైకిల్ ఎక్కడుందని అడగనక్కర్లేదు. మెట్ల కింద ఉంటుంది. సామాను డీసీఎం వ్యాను నుంచి దిగుతున్నప్పుడు మంచం ఏ గదిలో, బీరువా ఏ మూల, ఫ్రిజ్ ఏ గోడకు అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. సైకిల్ సంగతి ఎవరూ ఎత్తరు. హమాలీ తాళ్ళు విప్పి దించి "ఇదెక్కడ పెట్టాలె సార్?" అంటే "ప్రస్తుతానికి ఆ మెట్ల కింద పెట్టు" అంటాం. ఆ ప్రస్తుతం ఏళ్ళ తరబడి సాగుతుంది. నెల తిరగకముందే క్యారియర్ మీదికి పాత పేపర్ల కట్ట, హ్యాండిల్‌కు ఖాళీ సంచి, సీటు మీదికి తుడుపు గుడ్డ చేరతాయి. దుమ్ము ఎలాగూ చేరుతుంది.

పాత ఊళ్ళో పొద్దుగాల లేచి చెరువు దాకా తొక్కి వచ్చిన మనిషే ఇక్కడ "ఏమోనన్నా, మనసొస్తలేదు" అంటాడు. ఈ మాట మా దిక్కు చాలామంది నోట విన్నాను. వినిపించడానికి కారణం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవోతో ఎంతోమంది ఉద్యోగులు కొత్త జిల్లాలకు సర్దుబాటయ్యారు. 2024 వేసవిలో ఉపాధ్యాయుల పదోన్నతులు, బదిలీలు పెద్ద ఎత్తున జరిగాయి. వాళ్ళతోపాటు బ్యాంకుల వాళ్ళు, పెళ్ళి చేసుకుని వచ్చిన ఆడపిల్లలు, పిల్లల చదువు కోసం పల్లె వదిలి వచ్చినవాళ్ళు. ఊరు మారడం ఇప్పుడు మనకు వింతేమీ కాదు. కొత్త ఊళ్ళో కిరాణా దుకాణం రెండో రోజుకే దొరుకుతుంది, వైద్యుడు మొదటి జ్వరానికి దొరుకుతాడు. సైకిల్ ఎక్కాలన్న ఆసక్తి మాత్రం వెంటనే దొరకదు. అది ఎందుకు పోతుంది, మళ్ళీ ఎలా వస్తుంది అన్నదే ఈ పూట ముచ్చట.

నేను ఆదిలాబాద్ నుంచి వేములవాడకు వచ్చినవాణ్ణి. అక్కడ మావల దిక్కు పోయి రావడం మా నలుగురైదుగురి దినచర్య. చలికాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగే ప్రాంతం అది. మఫ్లర్లు చుట్టుకుని, ముక్కులు ఎర్రబడి, అయినా పోయేవాళ్ళం. అక్కడి చలితో పోలిస్తే ఎములాడ చలి ఒక చలి కాదు. అయినా ఇక్కడికి వచ్చాక సైకిల్ కదల్లేదు. కాళ్ళు అవే, సైకిల్ అదే, రోడ్డు కూడా రోడ్డే. మరి ఏం మారింది?

అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి, 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారుతున్న విద్యార్థుల్ని తీసుకుని, మారకముందు ఎలా ఉన్నారు, మారాక ఎలా ఉన్నారు అని చూశారు. చూసింది పెద్ద విషయాలేమీ కాదు, వ్యాయామం, పత్రిక చదవడం, టీవీ చూడటం లాంటి రోజువారీ అలవాట్లే. కొత్త చోట కూడా పరిసరాలు పాతచోటులాగే అమరినవాళ్ళకు అలవాటు నిలిచింది. పరిసరాలు మారినవాళ్ళకు చెదిరిపోయింది. బలమైన అలవాటు ఉన్నవాళ్ళకూ ఇంతే.

అలవాటు మన ఒంట్లో ఉంటుందనుకుంటాం. దానిలో సగం బయట ఉంటుంది. గేటు పక్కన సైకిల్ ఆనించే గోడలో, అయిదున్నరకు బయట బెల్లు కొట్టే మిత్రుడిలో, తిరిగొచ్చేటప్పుడు ఆగే చాయ్ హోటల్లో ఉంటుంది. అవి సామానుతోపాటు డీసీఎం ఎక్కవు. అందుకని కొత్త ఊళ్ళో సైకిల్ ఎక్కబుద్ధి కానివాణ్ణి బద్ధకస్తుడనడం అన్యాయం. అతని సైకిల్‌కు పాత ఊళ్ళో ఒక పని ఉండేది. ఊరు మారగానే ఆ పని పోయింది. ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో కూర్చున్నట్టు సైకిల్ మెట్ల కింద కూర్చుంది.

ఈ సంగతి ఎవరికైనా అనుమానంగా ఉంటే వేములవాడ చుట్టుపక్కల నిర్వాసితుల కాలనీలకు వెళ్ళి చూడవచ్చు. మానేరు మీద కట్టిన మిడ్ మానేరును ఇప్పుడు శ్రీ రాజరాజేశ్వర జలాశయం అంటున్నాం. 25 టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే జలాశయం అది. 2019లో నిండింది. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించనంత నీరు. కరీంనగర్ నుంచి వచ్చే బంధువులు అక్కడ ఆగి ఫోటోలు దిగుతారు. ఆ నీటి కింద అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొడిముంజ, చింతలఠాణా, చీర్లవంచ, నీలోజిపల్లి, వరదవెల్లి, కొదురుపాక లాంటి ఊళ్ళ ఇళ్ళు, మళ్ళు, బావులు ఉన్నాయి. ఊళ్ళ పేర్లు మాత్రం బయటికి వచ్చాయి. పాత పేరుతో కొత్త కాలనీలు.

కాలనీల రోడ్లు చూస్తే సైకిల్ కోసమే వేశారా అనిపిస్తుంది. వెడల్పుగా, తిన్నగా, లారీల రాకపోకలు లేకుండా ఉంటాయి. నగరాల్లో సైకిల్ సంఘాల వాళ్ళు ఇలాంటి దారుల కోసం అర్జీలు పెట్టుకుంటారు. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల కప్పు వేసి ఇరవై కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి కట్టారు. ఇక్కడ ఏమీ అడగకుండానే దారి ఉంది, తొక్కేవాళ్ళు లేరు. ఇంటి ముందర చేతిపంపులా తుప్పు పట్టిన ఇరవై నాలుగు అంగుళాల సైకిళ్ళు కనిపిస్తాయి. ఒకాయన అరుగు మీద కూర్చుని ఉంటే, "తొక్కుతలేరా పెద్దయ్యా?" అని అడిగాను. "ఏడికి పోవాలె బిడ్డా?" అన్నాడు.

అంతే కదా. పాత ఊళ్ళో ఆ సైకిల్ పొద్దున మోటరు పెట్టడానికి బావి కాడికి పోయేది. సద్దిగిన్నె హ్యాండిల్‌కు తగిలించుకుని పొలానికి పోయేది. వచ్చేటప్పుడు క్యారియర్ మీద పచ్చిగడ్డి మోపు. ఎరువు బస్తా, యూరియా బస్తా, ఒక్కోసారి జ్వరంతో ఉన్న మనవడు. పొలం నీళ్ళ పాలయ్యాక, బర్రెల్ని అమ్ముకున్నాక ఆ సైకిల్ ఎక్కడికి పోవాలి? ఆయనకు సైకిల్ తొక్కితే గుండెకు మంచిది, మోకాళ్ళకు మంచిది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొత్త ఊళ్ళో ఆసక్తి పోవడం అనే మాటకు ఆయన దగ్గర ఉన్న అర్థం ముందు, బదిలీ మీద వచ్చిన మనలాంటి వాళ్ళ బాధ చాలా చిన్నది.

అదే కాలనీలో కొన్ని సైకిళ్ళు మళ్ళీ నడుస్తున్నాయి. ఏవి అని చూస్తే, కొత్త పని దొరికినవి. పాల కేంద్రానికి క్యాను మోసేది ఒకటి. పిల్లను బడి దగ్గర దింపి వచ్చే తాతది ఒకటి. పట్నంలో వాచ్‌మన్ పనికి పోయేవాడిది ఇంకొకటి. వాళ్ళెవరూ ఆసక్తి కోసం ఎదురుచూడలేదు. పని వచ్చింది, పని వెంట సైకిల్ కదిలింది.

ఇది ఒక్క మా ఎములాడ దిక్కు కనిపించేది కూడా కాదు. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆ ఉద్యమంలో భాగంగా గ్రామీణ స్త్రీలకు సైకిల్ నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు. ఈ సంగతిని దేశానికి వివరంగా చెప్పిన విలేకరి పాలగుమ్మి సాయినాథ్ మన తెలుగు కుటుంబం వాడే, రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి మనవడు. ఆయన రాసిన దాంట్లో నాకు నచ్చింది సంఖ్యలు కాదు. కూలి చేసే స్త్రీలు, క్వారీలో రాళ్ళు కొట్టే స్త్రీలు, ఊళ్ళు తిరిగే నర్సులు సైకిల్‌ను ఎందుకు వదలలేదన్నది. బస్సు కోసం పడిగాపులు తప్పాయి. నీళ్ళు తెచ్చుకోవడం, సరుకులు ఊరూరా అమ్ముకోవడం, పిల్లల్ని వెంట తీసుకుపోవడం తేలికయింది. నేర్చుకున్న తొలిరోజు సంబరం ఎవరికైనా వారం ఉంటుంది. ఆ స్త్రీల సైకిళ్ళు వారం దాటి నడిచాయంటే, వాటి మీద బతుకు పనులు నడిచాయి కాబట్టే.

మరి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి సంగతి? ఆయన సైకిల్‌కు గడ్డిమోపు లేదు, పాల క్యాను లేదు. పాత ఊళ్ళో దాని పని పొద్దుటి తిరుగుడు, మిత్రుల ముచ్చట. ఇక్కడ మిత్రులు లేరు. ఒంటరిగా పొద్దున్నే లేచి, ఎక్కడికో తెలియక, ఆరోగ్యం పేరు చెప్పుకుని తొక్కడం ఎంతకాలం సాగుతుంది? ఒంటరి వ్యాయామానికి నేను పెద్దగా ఓటెయ్యను. అందుకే వ్యాయామం అన్న మాటను కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఇంటి పని ఒకటి సైకిల్‌కు అప్పగించమంటాను. పెద్దది కాదు. పొద్దుటి పాల ప్యాకెట్టు చాలు.

పాల ప్యాకెట్టు అన్నది ఊరికే అనలేదు. ఇంగ్లండ్‌లో బాస్ వెర్‌ప్లాంకెన్ అనే పరిశోధకుడు, డెబోరా రాయ్ కలిసి పీటర్‌బరో అనే ఊళ్ళో 800 మందితో ఒక ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. అందులో సగం మంది కొత్తగా ఇల్లు మారినవాళ్ళు, సగం మంది ఉన్నచోటే ఉన్నవాళ్ళు. వాళ్ళను పర్యావరణానికి మేలు చేసే అలవాట్ల వైపు మళ్ళించాలని చూశారు. ఇల్లు మారినవాళ్ళలో మార్పు ఎక్కువ కనిపించింది. అదీ, మారిన తొలి మూడు నెలల దాకానే. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. వెండీ వుడ్ చెప్పిన దానికి ఇది రెండో వైపు. ఊరు మారడం పాత అలవాటును విరిచేస్తుంది, సరే. కొత్త అలవాటును పట్టుకోవడానికి అంతకన్నా అనువైన కాలం కూడా ఇంకోటి ఉండదు.

ఇప్పుడు మనం ఆ మూడు నెలలు ఏం చేస్తామో చూడండి. వచ్చిన మర్నాడే పాలకు మోటారు సైకిల్ తీస్తాం. ఎందుకంటే దుకాణం ఎక్కడుందో తెలియదు, వెతకాలి, ఆఫీసుకు ఆలస్యమవుతుంది. మూడో రోజుకు దుకాణం మూడు వందల గజాల్లోనే ఉందని తెలుస్తుంది, బండి మాత్రం ఆగదు. కూరగాయలకు బండి, పిల్లవాడి నోటుబుక్కుకు బండి, చీపురుకట్టకు బండి. ఖాళీగా ఉన్న కుర్చీలన్నీ మోటారు బండి ఆక్రమించాక, ఆరో నెలలో సైకిల్ మీద ఆసక్తి రావడం లేదని వాపోతాం. రావడానికి దానికి చోటేది?

"మూడు నెలలు ఎప్పుడో దాటినయి సార్, మాది మూడో ఏడు" అనే శ్రోతలు ఉంటారు. వాళ్ళకూ దారి ఉంది. ఊరు మారకపోయినా జీవితంలో చిన్న చిన్న మలుపులు వస్తూనే ఉంటాయి. ఒంటిపూట బళ్ళు మొదలైనప్పుడు వేళలు మారతాయి. పిల్లవాడు కొత్త బడిలో చేరినప్పుడు దారి మారుతుంది. అద్దె ఇల్లు ఈ వీధి నుంచి ఆ వీధికి మారినా సరే. ఆ వారంలో ఒక పనిని సైకిల్ మీదికి మార్చడం మామూలు వారంలో మార్చడంకన్నా తేలిక. ఎన్నాళ్ళకు అలవాటవుతుంది అంటారా? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి చెప్పిన లెక్క ప్రకారం సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులే పట్టింది. కొందరికి 254 రోజులు అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా వాళ్ళే తేల్చారు. కనుక పక్కింటాయనకు నెలకే అలవాటయింది, నాకు కాలేదని దిగులు పడనక్కర్లేదు.

కొత్త ఊళ్ళో సైకిల్‌కు అడ్డం వచ్చేది ఇంకోటి ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. పాత ఊళ్ళో మనం సైకిల్ మీద పోతుంటే "మా సారు పోతుండు" అంటారు. కొత్త ఊళ్ళో "ఎవరో, పాపం" అంటారు. పాత ఊళ్ళో మన హోదా ఏళ్ళ తరబడి కుదురుకుని ఉంటుంది, సైకిల్ దాన్ని కదిలించలేదు. కొత్త ఊళ్ళో ఇంకా ఎవరికీ మనం తెలియదు. బండిని చూసి మనిషిని అంచనా కడతారు. ఎదురింటి ఆయన మర్యాదగానే, "ఏం సార్, బండి ఖరాబైందా?" అంటాడు. ఆ ప్రశ్న రెండుసార్లు వింటే చాలు, మూడోనాడు బండి తాళంచెవి వెతుక్కుంటాం. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళను చూడండి. అక్కడ కార్మికుల క్యాంపు నుంచి దుకాణానికి సైకిల్ మీద పోయి సరుకులు తెచ్చుకున్న మనిషే, ఇక్కడ దిగిన వారంలో మోటారు సైకిల్ షోరూములో ఉంటాడు. ఎందుకని అడగనక్కర్లేదు. ఊరు చూస్తుంది.

దీనికి నేను కనిపెట్టిన మందు కూరగాయల సంచి. హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని పోయే మనిషిని ఎవరూ బండి ఖరాబైందా అని అడగరు. పని మీద పోతున్నాడని తెలుస్తుంది. ఆడవాళ్ళకు ఈ చూపుల బాధ మరీ ఎక్కువ. కొత్త ఊరు, కొత్త కళ్ళు. ఒక్కరు తొక్కితే వింత, ఇద్దరు ముగ్గురు కలిసి బడికి పోతే పంతులమ్మలు పోతున్నారంటారు, అంతే. తోటి ఉపాధ్యాయురాళ్ళలో ఒకరిద్దరు కలిస్తే తొలి నెల గడిచిపోతుంది. 2025లో మా కరీంనగర్ లోక్‌సభ నియోజకవర్గంలో ప్రభుత్వ బడుల్లో పదో తరగతి పిల్లలకు సైకిళ్ళు పంచారు. ఆడపిల్లలు గుంపుగా సైకిళ్ళ మీద వచ్చే బడికి, టీచరమ్మ కూడా సైకిల్ మీద వస్తే నవ్వేవాళ్ళు ఎవరుంటారు?

ఇక సైకిల్ సంగతి. నెలల తరబడి మెట్ల కింద ఉన్నదాన్ని గాలి కొట్టి ఎక్కేస్తే మొదటిరోజే విసుగొస్తుంది. తొక్కకపోయినా ట్యూబులోంచి గాలి మెల్లమెల్లగా పోతుంది. గాలి లేని టైరు మీద బరువుతో నిలబడితే టైరు పక్కలు పగులుతాయి. చైన్ ఎండి తుప్పు పడుతుంది, బ్రేకు రబ్బర్లు గట్టిపడి రిమ్మును పట్టవు. ఇలాంటి సైకిల్ రెండింతల బలం అడుగుతుంది. తొక్కేవాడు తనకు వయసు మీద పడిందనుకుంటాడు. కావలసింది వయసు తగ్గడం కాదు, ఓవరాలింగ్. బేరింగులు కడిగి గ్రీసు పెట్టించాలి, చైన్‌కు నూనె, బ్రేకు రబ్బర్లు కొత్తవి, రిమ్ము వంకరుంటే అవుట్ తీయించాలి. సీటు ఎత్తు చూసుకోవాలి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. మనలో చాలామంది సీటు కిందికి దించుకుని తొక్కుతారు, తర్వాత మోకాళ్ళ నొప్పులని సైకిల్‌ను తిడతారు.

మన తెలంగాణ ఊళ్ళలో ఇలాంటి దుకాణాన్ని సైకిల్ టాక్సీ అనేవాళ్ళం. గంటకింత అని కిరాయికి సైకిల్ ఇచ్చేవాళ్ళు. రాడు కింద నుంచి కాలు పెట్టి తొక్కడం మాలో చాలామంది అక్కడి సైకిళ్ళ మీదే నేర్చాం. ఇప్పుడు కిరాయి సైకిళ్ళు పోయాయి, పంచర్ దుకాణాలు కూడా మోటారు బండ్ల వైపు మళ్ళాయి. అయినా ప్రతి పట్నంలో సైకిల్ చెయ్యి తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. కొత్త ఊళ్ళో మొదట వెతకవలసింది ఆయన్నే. సైకిల్ బాగుకావడం ఒక్కటే కాదు లాభం. ఏ దారి మంచిదో, ఏ గల్లీలో కుక్కలు వెంటపడతాయో, ఊళ్ళో ఇంకా ఎవరెవరు తొక్కుతారో ఆయనకు తెలిసినంత మునిసిపాలిటీకి కూడా తెలియదు. కొత్త ఊళ్ళో సైకిల్ మిత్రులు నాకు దొరికింది అలాంటి దుకాణం ముందరి బల్ల మీదే.

దారుల గురించి రెండు మాటలు. పాత ఊరి లెక్కలు కొత్త ఊళ్ళో పనికిరావు. ఆదిలాబాద్‌లో చలికాలమంతా పత్తి బండ్లు మార్కెట్ యార్డుకు బారులు తీరతాయి, రోడ్డు పక్కన దూది ఎగురుతుంటుంది. ఇక్కడ వరి. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లే. కల్లాలు చాలక రైతులు తారు రోడ్డు మీద ఆరబోసి, కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. పగలు కనిపిస్తాయి కాబట్టి తప్పుకోవచ్చు. వేకువ చీకట్లో ఆ రాళ్ళు, నల్లటి టార్పాలిన్లు కనిపించవు. వడ్ల మీద చక్రం జారుతుంది కూడా. ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ దీపావళి చుట్టుపక్కల, వెలుతురు వచ్చాకే బయల్దేరాలి. ముందుకు ఒక లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

వేములవాడలో ఇంకో క్యాలెండర్ ఉంది, ఇక్కడి దేవుడు రాజన్న క్యాలెండర్. సోమవారం గుడి చుట్టుపక్కల సైకిల్ ఊసెత్తొద్దు. కోడె మొక్కు తీర్చుకునేవాళ్ళు, తలనీలాలిచ్చి ధర్మగుండం దిక్కు పోయేవాళ్ళు, బెల్లం బుట్టలు, ఆటోలు. శివరాత్రి జాతరకైతే నడవడానికే సందు దొరకదు. ఆ రోజుల్లో తిప్పాపూర్ వైపు కాకుండా ఊరికి ఇవతలి పల్లె దారులు పట్టుకోవాలి. సిరిసిల్ల ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అగ్రహారం మీదుగా పోయే ఆ రోడ్డు మంచిదే గాని బస్సులు, లారీలు ఎక్కువ. పొద్దున్నే ఆరులోపు పోతే సిరిసిల్ల పొలిమేరలో మరమగ్గాల సాంచాల చప్పుడు వినవచ్చు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. నాలుగు కిలోమీటర్ల దూరం చాలనుకునేవాళ్ళకు నాంపల్లి గుట్ట ఉంది. గుట్ట కింద సైకిల్ పెట్టి, పైన నరసింహస్వామిని చూసుకుని దిగవచ్చు.

పాలు, కూరగాయలతో సైకిల్ కుదుటపడ్డాక ఆదివారానికి కొంచెం పెద్ద పని చెప్పవచ్చు. నేను చెప్పేది గంగాధర మండలంలోని కురిక్యాల. అక్కడి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఉంది. వేములవాడ చాళుక్యుల కాలానిది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో చెక్కించారు. అందులోని తెలుగు కంద పద్యాలు మన భాషలో దొరికిన తొలి కందాల్లో చేరతాయి. చెక్కించిన జినవల్లభుడు, ఇక్కడ రెండో అరికేసరి కొలువులో ఉండి కన్నడంలో కావ్యం చెప్పిన పంపకవికి తమ్ముడు. ఈ అన్నదమ్ముల పూర్వీకులది వేంగి ప్రాంతం. గోదావరీ కృష్ణల నడుమ నుంచి బయల్దేరిన కుటుంబం వేములవాడ చేరి ఇక్కడే పేరు తెచ్చుకుంది. బదిలీ మీద వచ్చి బిక్కుబిక్కుమంటున్న వాళ్ళకు ఈ ముచ్చట కొంత ధైర్యం. సైకిల్ మీద పోయి ఆ గుట్ట ఎక్కి జైన శిల్పాలు చూసి వచ్చిన మనిషికి ఆ తర్వాత వేములవాడ పరాయి ఊరు అనిపించడం తగ్గుతుంది. కారులో పోయి చూసినా చూసినట్టే. కాని దారిలోని ఊళ్ళ పేర్లు, చెరువు కట్టలు, ఏ హోటల్లో పొద్దున్నే సర్వపిండి దొరుకుతుందో తెలియదు.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. మోకాళ్ళు నిజంగా అరిగినవాళ్ళు, గుండెజబ్బుకు మందులు వాడేవాళ్ళు, తల తిరిగే బాధ ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగాకే ఎక్కాలి. రోడ్డు పెద్దదైతే హెల్మెట్ పెట్టుకోవాలి. సైకిలే కదా అనుకోవద్దు, గుద్దే లారీకి సైకిలేదో బండేదో తెలియదు.

చివరగా దుకాణాల యజమానులకు, బడుల ప్రధానోపాధ్యాయులకు, కార్యాలయాల అధికారులకు ఒక విన్నపం. సైకిల్ మీద పని మీద వచ్చినవాడికి మొదట ఎదురయ్యే ఇబ్బంది దాన్ని ఎక్కడ నిలపాలన్నదే. మోటారు బండ్ల మధ్య పెడితే పడేస్తారు, గోడకు ఆనిస్తే తీయమంటారు, తాళం వేయడానికి ఏమీ ఉండదు. దాంతో రెండోసారి బండి మీదే వస్తాడు. మీ దుకాణం ముందు, మీ బడి ఆవరణలో, కూరగాయల మార్కెట్ దగ్గర ఒక మూల నాలుగు అడుగుల ఇనుప గొట్టం నేలలో పాతించండి. గొలుసు వేసుకోవడానికి అది చాలు. వెల్డింగ్ దుకాణంలో ఒక పూట పని, ఖర్చు కూడా పెద్దగా కాదు. బడులు తెరిచే జూన్ లోపు ఆ పని చేయించండి.